జబ్బు పేరు దొరికేది చివరి పది నిమిషాల్లోనే

మా పిన్ని టీవీ చూస్తూనే గోడ గడియారం కూడా చూసేది. 'హౌస్' సీరియల్లో డాక్టర్లు రోగికి ఫలానా జబ్బని తేల్చేసి, మందు మొదలుపెట్టి, కాస్త ఊపిరి పీల్చుకునే సమయానికి ఆవిడ గడియారం వైపు ఓసారి చూసి, "ఇంకా ఇరవై నిమిషాలుంది, ఇది కాదులే" అనేది. నిజంగానే అది కాదు. ప్రకటనలు వచ్చేలోపు రోగికి ఫిట్స్ వచ్చేవి, లేదా ముక్కులోంచి రక్తం కారేది, రాసినవాళ్ళకి ఇంకేమీ తోచకపోతే గుండె ఆగిపోయేది. పిన్ని ఓ పెద్దాసుపత్రిలో నర్సు. వైద్యం తెలుసు కాబట్టి కనిపెట్టేస్తోందని మొదట్లో అనుకునేవాణ్ణి. కొన్నాళ్ళు పక్కన కూర్చున్నాక తెలిసింది, ఆ మాట చెప్పడానికి వైద్యం రానక్కర్లేదు, టైము చూడ్డం వస్తే చాలు.

ఆ సీరియల్ చూసినవాళ్ళకి దాని వరస కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, తలుచుకోవడంలో ఓ సరదా ఉంది. మొదటి రెండు నిమిషాలు ఆసుపత్రి కనిపించదు. ఎక్కడో కొందరు తమ పనిలో తాముంటారు. అందులో ఒకాయన అదేపనిగా దగ్గుతుంటాడు, మొహమంతా చెమటలు. సరే, ఈయనే రోగి అనుకుంటాం. పక్కన నిక్షేపంగా ఉన్న అమ్మాయి ధబేలున కింద పడుతుంది. టైటిల్స్. ఆ తర్వాత తెల్లబోర్డు, మార్కరు, లక్షణాల జాబితా. పెద్ద డాక్టరు గ్రెగరీ హౌస్ చేతికర్ర ఆడిస్తూ తన కింద పనిచేసే ముగ్గురినీ వెక్కిరిస్తూ, ఏం జబ్బయి ఉంటుందో చెప్పమంటాడు. ఒకరు వాస్క్యులైటిస్ అంటారు, ఇంకొకరు సార్కాయిడోసిస్. ఎవరో ఒకరు లూపస్, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు, అని తీరాలి. లూపస్ కాదని ఆయన అని తీరాలి. నాలుగో సీజన్లో ఒక రోగికి నిజంగానే లూపస్ అని తేలినప్పుడు మేము ఇంట్లో చప్పట్లు కొట్టాం. పాపం ఆ రోగి సంగతి మాకు పట్టలేదు.

తర్వాత ఇద్దరు డాక్టర్లు రోగి ఇంటికి వెళ్ళి తాళం తీసి బాత్రూమ్ అలమరాలు, వంటగది మూలలు వెతుకుతారు. మందు మొదలవుతుంది, రోగి అధ్వాన్నమవుతాడు. ఎమ్మారై మిషన్లోకి తోస్తే లోపల ఏదో ఒకటి జరగకుండా బయటికి రాడు. వెన్నులోంచి నీరు తీయడం ఉంటుంది. రోగి దాచిన అబద్ధం ఒకటి బయటపడుతుంది, ఎందుకంటే అందరూ అబద్ధాలాడతారన్నది ఆ డాక్టరు గారి సిద్ధాంతం. చివరి ప్రకటనల తర్వాత స్నేహితుడు విల్సన్ ఇంకేదో సొంత గొడవ చెబుతుంటాడు. ఆ మాటల్లో ఒక ముక్క దగ్గర హౌస్ ఆగిపోతాడు. కళ్ళు ఎటో పోతాయి. విల్సన్ మాట సగంలో ఉండగానే లేచి వెళ్ళిపోతాడు. అప్పుడు పిన్ని "ఆఁ, వచ్చేసింది" అనేది. అప్పుడు మాత్రం గడియారం చూసేది కాదు.

ఆ సీరియల్ 2004 నవంబరులో అమెరికాలో ఫాక్స్ చానల్లో మొదలై 2012 మేలో ముగిసింది. 8 సీజన్లు, 177 ఎపిసోడ్లు. 177 సార్లూ దాదాపు ఇదే. మొదటి ఎపిసోడ్లో మాట పడిపోయిన టీచరమ్మ మెదడులో బద్దెపురుగు ఉందని తేలుతుంది. అక్కణ్ణుంచి జబ్బులు మారాయి గానీ నడక మారలేదు. దీన్ని తయారుచేసిన డేవిడ్ షోర్‌కి షెర్లాక్ హోమ్స్ అంటే ఇష్టమని ఎవరూ చెప్పనక్కర్లేదు. హౌస్ ఉండే ఇంటి నంబరు హోమ్స్‌దే, 221బి, పక్కనున్న స్నేహితుడు వాట్సన్‌లా విల్సన్, హోమ్స్ మత్తుమందు బదులు నొప్పి బిళ్ళలు. నేరస్తుడి స్థానంలో రోగం. ఇలాంటి చిక్కు కేసుల మీద లీసా శాండర్స్ అనే డాక్టరు న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఒక శీర్షిక రాసేవారు. ఈ సీరియల్‌కి ప్రేరణ అందులోంచే వచ్చింది, ఆవిడ సలహాదారుగా కూడా పనిచేశారు. వైద్యాన్ని డిటెక్టివ్ కథగా మార్చడం కొత్తేమీ కాదు. హోమ్స్‌ని పుట్టించిన కానన్ డాయిల్ స్వయంగా డాక్టరు. తనకి పాఠం చెప్పిన జోసెఫ్ బెల్ అనే ప్రొఫెసరు రోగి గదిలోకి వస్తూనే మనిషిని చూసి వివరాలు చెప్పేసేవాడట, ఆ పోలికలతోనే హోమ్స్ పుట్టాడు. అంటే ఆసుపత్రిలోంచి బయటికెళ్ళిన డిటెక్టివ్ వందేళ్ళు దాటాక మళ్ళీ ఆసుపత్రికే వచ్చాడన్నమాట.

పిన్నికి ఆ సీరియల్ ఎంత ఇష్టమో, దాని మీద అంత విసుగు. మొదటి ఫిర్యాదు చేతికర్ర. హౌస్‌కి నొప్పి కుడి తొడలో, కర్ర కూడా కుడిచేతిలోనే. "నొప్పి ఉన్న కాలికి అవతలి చేత్తో పట్టుకోవాలిరా. అది కూడా తెలీనివాడు జబ్బులు కనిపెడతాట్ట" అనేది. రెండోది, మానిటర్ మీద గీత అడ్డంగా సాగిపోయి కూత పెట్టగానే ఛాతీ మీద పలకలు పెట్టి కరెంటు షాకివ్వడం. గుండెలో లయ తప్పి కొట్టుకుంటున్నప్పుడు ఆ గందరగోళాన్ని ఆపడానికి షాకిస్తారు. అసలే చలనం లేక గీత చదునుగా పడుకుంటే షాకుతో ఫలితం ఉండదు, ఛాతీ నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడం, అంతే. ఇది ఆవిడ మాకు ఎన్నిసార్లు చెప్పిందో. చదును గీత తెర మీద పడగానే మేమే ఆవిడ వైపు తిరిగి చూసేవాళ్ళం.

మూడో ఫిర్యాదు మాత్రం నవ్వుతూ చెప్పినా నవ్వులాట కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. "ఈ ఆసుపత్రిలో నర్సులే లేరేమిట్రా?" అనేది. గమనిస్తే నిజమే. రక్తం తీసేది డాక్టర్లు, సెలైన్ ఎక్కించేది డాక్టర్లు, స్కాన్ మిషన్ నడిపేది డాక్టర్లు, రాత్రంతా ల్యాబులో కూర్చుని పరీక్షలు చేసేదీ డాక్టర్లే. నలుగురైదుగురు స్పెషలిస్టులు వారానికి ఒక్క రోగి చుట్టూ తిరుగుతారు. నర్సులు కారిడార్లో ఫైళ్ళు పట్టుకుని వెనక నడుస్తుంటారు, మొహాలు కూడా సరిగ్గా కనబడవు. కథకి అంతమంది మనుషులు అక్కర్లేదు కాబట్టి అలా రాస్తారని అప్పట్లో నేను సమర్థించేవాణ్ణి. పిన్ని తల ఊపి ఊరుకునేది.

హౌస్ కంటే ముందు మా ఇంట్లో 'ఈఆర్' ఉండేది, ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డు కథ. అది చూసేనాటికి నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అసలు ఆ సీరియల్లో ఇంగ్లీషు తెలిసినవాళ్ళకి మాత్రం ఏం అర్థమయ్యేదని? తలుపులు తోసుకుంటూ స్ట్రెచర్ రావడం, పక్కన పరుగెత్తుతూ అంబులెన్సు మనిషి వయసు, బీపీ, పల్సు గడగడా చదవడం, డాక్టరు అంతకంటే వేగంగా పరీక్షల పేర్లు అప్పజెప్పడం. కెమెరా ఆగకుండా వాళ్ళ వెంటే గదిలోంచి గదిలోకి తిరిగేది. ఆ మాటలేవీ మనకి అర్థం కావాలని రాసినవి కావు. వాళ్ళకి అర్థమైందని మనకి తెలిస్తే చాలు. ఆ భరోసా కోసమే చూసేవాళ్ళమని ఇప్పుడనిపిస్తుంది. పెద్దవాళ్ళు పక్కగదిలో ఏదో సీరియస్‌గా మాట్లాడుకుంటుంటే, ఆ మాటలు తెలియకపోయినా, ఎవరో చూసుకుంటున్నారులే అని పిల్లలు నిద్రపోతారే, అలాంటి భరోసా.

ఈఆర్ రాసింది మైకేల్ క్రైటన్. హార్వర్డ్‌లో డాక్టరీ చదివి, ఆ అనుభవంతో 1974లో సినిమా కోసం రాసుకున్న స్క్రిప్టు అది. ఇరవై ఏళ్ళు పడి ఉంది. మధ్యలో స్పీల్‌బర్గ్ తీద్దామనుకుని, అదే మనిషి రాస్తున్న డైనోసార్ల కథ విని అటు వెళ్ళిపోయాడు. చివరికి 1994 సెప్టెంబరులో టీవీకొచ్చి 15 ఏళ్ళు ఆడింది. జార్జ్ క్లూనీ అందరికీ తెలిసింది దీంతోనే. మా అక్క ఆయన వచ్చినప్పుడు మాత్రమే చూసేది, మిగతా టైములో పుస్తకం.

ఆ సీరియల్లో మొదటి సీజన్ ఎపిసోడ్ ఒకటి నేను ఇప్పటికీ మళ్ళీ చూడలేను. 1995 మార్చిలో వచ్చింది. నిండు గర్భిణి మూత్రంలో మంటని వస్తుంది. డాక్టర్ గ్రీన్ మంచివాడు, జాగ్రత్తపరుడు. మామూలు ఇన్ఫెక్షనని మందు రాసి పంపేస్తాడు. అసలు సంగతి బీపీకి సంబంధించినది, ఆవిడకి ఫిట్స్ వస్తాయి. అక్కణ్ణుంచి గంటలు గడుస్తున్నకొద్దీ ఒకటి సరిచేస్తే ఇంకొకటి చేజారిపోతుంది. బిడ్డ బతుకుతుంది, తల్లి చనిపోతుంది. ఆ ఎపిసోడ్ రాసిన లాన్స్ జెంటీల్ స్వయంగా ఎమర్జెన్సీ డాక్టరు, ఆ రచనకి ఎమ్మీ అనే అమెరికా టీవీ అవార్డు వచ్చింది. ఆ రాత్రి పిన్ని ఏమీ అనలేదు. ఫిర్యాదు లేదు, టైము చూడ్డం లేదు. మర్నాడు వేరే సీరియల్ పెట్టుకుందామంది.

అంతగా కదిలించింది ఎందుకా అని ఆలోచిస్తే జవాబు సులువే. అంతకుముందు వారాలన్నీ చివర్లో ఎలాగో గట్టెక్కుతారని మాకు నేర్పి పెట్టారు. ఆ నేర్పిన దాన్ని ఆ ఒక్క రాత్రి లాగేసుకున్నారు. మూసలో నడిచే సీరియల్‌కి మాత్రమే ఉండే బలం ఇది. ఎప్పుడేం జరుగుతుందో తెలియని కథలో చావు మామూలు మలుపు. ప్రతివారం బతికే చోట ఒక్కరు పోతే ఇంట్లో మనిషి పోయినట్టుంటుంది.

హౌస్‌లోనూ అలాంటివి కొన్ని ఉన్నాయి. 2005లో వచ్చిన ఒక ఎపిసోడ్లో ఆయన విద్యార్థులకి పాఠం చెబుతాడు. కాలినొప్పితో వచ్చిన ముగ్గురి కథ. మధ్యమధ్యలో రోగులు మారిపోతుంటారు, వయసు మారుతుంది, ఆడా మగా కూడా మారిపోతారు, వినేవాళ్ళు తికమకపడతారు. చాలాసేపటికి గానీ తెలియదు, ఆ ముగ్గురిలో ఒకరు ఆయనే. తొడ కండరానికి రక్తం అందక చచ్చుబడుతుంటే డాక్టర్లు సకాలంలో కనిపెట్టలేదు. అప్పటిదాకా ఆ కుంటినడకని మేము ఓ తమాషాగా చూశాం. ఆ ఎపిసోడ్ రాసినందుకు డేవిడ్ షోర్‌కి ఎమ్మీ వచ్చింది. వారం వారం అదే బోర్డు, అదే వెక్కిరింపు చూసి ఉండకపోతే ఆ చివరి ఐదు నిమిషాలు అంత పనిచేసేవి కావు.

మూస అనే మాట మనవాళ్ళు తిట్టుగా వాడతారు, నాకు అది ఒప్పుకోబుద్ధి కాదు. బేతాళ కథలు చదివినప్పుడు శవం మళ్ళీ చెట్టెక్కుతుందని తెలియకనా చదివాం? తెలిసే చదివాం. ఎక్కకపోతే ఒప్పుకునేవాళ్ళం కాదు. చట్రం ఒకసారి తెలిశాక మనసు ఇక దాని గురించి ఆలోచించదు, చట్రం లోపల ఏం పెట్టారా అని చూస్తుంది. హౌస్‌లో రోగం ఏమిటన్నది నాకెప్పుడూ గుర్తుండదు. విల్సన్ తినబోయేది హౌస్ లాక్కోవడం గుర్తుంటుంది. ఇద్దరూ బాల్కనీ గోడ దాటి ఒకరి గదిలోకి ఒకరు వెళ్ళడం గుర్తుంటుంది. జబ్బు పని అంతా ఆ స్నేహాన్ని నలభై నిమిషాలు కదలనివ్వడమే. చివరికి ఆ సీరియల్ ముగిసింది కూడా రోగం కనిపెట్టడంతో కాదు. విల్సన్‌కే క్యాన్సర్ వస్తుంది, ఇక కనిపెట్టాల్సింది ఏమీ మిగలదు, ఇద్దరూ మోటర్‌సైకిళ్ళెక్కి వెళ్ళిపోతారు.

ఈ చట్రం వాళ్ళు కనిపెట్టింది కూడా కాదు. 1961లోనే అమెరికా టీవీలో 'డాక్టర్ కిల్‌డేర్', 'బెన్ కేసీ' ఒకే ఏడాది మొదలయ్యాయి, రెండూ 1966లో ముగిశాయి. రెండింట్లోనూ ఆవేశపడే కుర్ర డాక్టరు, మందలించే పెద్ద డాక్టరు, వారానికో రోగి. అప్పటి టీవీ డాక్టర్లు తప్పు చేసేవాళ్ళే కారు, అమెరికా వైద్యుల సంఘం స్క్రిప్టులు చూసి సలహాలిచ్చేది మరి. తప్పు చేసే డాక్టరు టీవీలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. డాక్టరు తప్పు చేయకపోతే మొదటి మందు ఎలా పనిచేయకుండా పోతుంది, ప్రకటనల ముందు ఫిట్స్ ఎలా వస్తాయి?

'గ్రేస్ అనాటమీ' గురించి ఎక్కువ చెప్పలేను. అది అక్క సామ్రాజ్యం. 2005లో మొదలై 20 సీజన్లు దాటినా ఇంకా నడుస్తోంది. ఆ ఆసుపత్రిలో బాంబు, తుపాకీ కాల్పులు, విమానం కూలడం, ఏదీ మిగల్లేదు. చనిపోయిన డాక్టర్ల పేర్లు చివరికి ఆసుపత్రికే పెట్టుకున్నారు. అక్కడ వైద్యం సాకు, ప్రేమలే అసలు సంగతి. రోగి కష్టం ఆ వారం హీరోయిన్ కష్టానికి అద్దంలా కుదరాలి, చివర్లో ఆవిడ గొంతు వెనకనుంచి నాలుగు మంచి మాటలు చెప్పాలి. నాకు ఆ నాలుగు మాటలే పడవు. అక్క మాత్రం వాటి కోసమే చూస్తుంది.

ఇక నాన్న జ్వరం గురించి చెప్పాలి. లేకపోతే ఇదంతా టీవీ కబుర్లుగానే మిగిలిపోతుంది.

నాన్నకి ఒకసారి జ్వరం పట్టుకుని వదల్లేదు. సాయంత్రానికి 102, పొద్దున్నకి మామూలు, మళ్ళీ సాయంత్రానికి 102. రక్తపరీక్షలు, కల్చర్లు, స్కాన్లు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. బాగానే ఉన్నాయనే మాట అంత భయం పుట్టిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. చేర్చిన ఆసుపత్రిలో పెద్ద డాక్టరు రోజూ పొద్దున ఒకసారి వచ్చేవాడు, మంచం దగ్గర రెండు మూడు నిమిషాలు నిలబడేవాడు, "చూద్దాం" అని వెళ్ళిపోయేవాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆ అంతస్తులో నాన్నలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ నాకు తెల్లబోర్డు కావాలనిపించింది. ఎక్కడో ఒక గదిలో నలుగురు మా నాన్న గురించి పోట్లాడుకుంటూ ఉండాలనిపించింది.

రాత్రిళ్ళు వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లో నేను చూసింది హౌస్. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆసుపత్రి వాసనలో కూర్చుని, ఇంకో ఆసుపత్రిని చూడటం. పక్కన కూర్చున్న ఒకాయన ఓసారి ఫోన్లోకి తొంగి చూసి, "ఇక్కడున్నది చాల్లేదా బాబూ" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను గానీ, నిజంగా చాల్లేదు. ఇక్కడున్నది ఎప్పుడు ముగుస్తుందో తెలీదు. అక్కడ, ఎంత ఘోరమైన జబ్బయినా, ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచి తీరతారు. బతకడం చావడం తర్వాత, ముందు పేరైనా తెలుస్తుంది. కొన్ని ఎపిసోడ్లలో రోగి చనిపోతాడు, అయినా చూడ్డం అయ్యాక మనసు కుదుటపడుతుంది. ఎందుకు పోయాడో తెలిసింది కదా.

కొన్ని వారాలకి నాన్న జ్వరం తనంతట తనే తగ్గిపోయింది. ఏ మందుకి తగ్గిందో ఎవరూ గట్టిగా చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితంలో జబ్బు పేరు రాయాల్సిన చోట పీయూఓ అని మూడక్షరాలు. పిన్నిని అడిగితే, "కారణం తెలియని జ్వరం అని" అంది. అలాంటి జ్వరానికి కూడా వైద్యశాస్త్రంలో లెక్కుందని తర్వాత చదివాను. 1961లో పీటర్స్‌డోర్ఫ్, బీసన్ అనే ఇద్దరు డాక్టర్లు నిర్వచనం ఇచ్చారు: 101 డిగ్రీలు దాటిన జ్వరం మూడు వారాలకు పైగా వస్తూ పోతూ ఉండాలి, ఆసుపత్రిలో వారం రోజులు వెతికినా కారణం దొరక్కూడదు. ఎంత వెతికినా చివరిదాకా కారణం దొరకనివాళ్ళు కొందరుంటారు, అందులో ఎక్కువమంది వాళ్ళంతట వాళ్ళే కోలుకుంటారు. ఇలాంటి కేసు మీద ఎపిసోడ్ తీస్తే ఎవరు చూస్తారు? నాన్న మాత్రం ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "తగ్గింది కదరా, పేరుతో ఏం పని" అన్నాడు. జ్వరం ఆయనది కాబట్టి ఆయనకి పేరు అక్కర్లేదు. బెంచీ మీద కూర్చున్నవాడికి కావాలి.

సీరియల్ వల్ల నిజంగా పేరు దొరికిన రోగి కూడా ఉన్నాడు. జర్మనీలో, మార్‌బుర్గ్ ఊళ్ళో. 2012లో 55 ఏళ్ళ మనిషి గుండె బాగా బలహీనపడి వచ్చాడు. దాంతోపాటు జ్వరం, చెవుడు, చూపు తగ్గడం. ఎవరికీ అంతుపట్టలేదు. అక్కడి ప్రొఫెసర్ యూర్గెన్ షేఫర్ వైద్యవిద్యార్థులకి పాఠం చెప్పడానికి హౌస్ ఎపిసోడ్లు వాడేవాడు. అచ్చం ఇలాంటి లక్షణాలున్న ఎపిసోడ్ ఆయన చూసి ఉన్నాడు. తుంటికి పెట్టిన లోహపు కీలు అరిగి కోబాల్ట్ విషం ఒంట్లోకి ఎక్కడం అందులో కథ. ఈ రోగికీ కీలు మార్చారు, పాతది పగిలి మిగిలిన పింగాణీ ముక్కలు కొత్త లోహాన్ని అరగదీస్తున్నాయి. రక్తంలో చూస్తే కోబాల్ట్. ఆ కేసు 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. పిన్నికి చదివి వినిపిస్తే, "అదిగో, ఆ ప్రొఫెసరు రోజూ సీరియల్ చూస్తాడు కాబట్టి సరిపోయింది" అంది. మెచ్చుకుందో ఎద్దేవా చేసిందో తెలియలేదు.

సీరియళ్ళు నేర్పే తప్పుల సంగతీ ఉంది. 1996లో న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ముగ్గురు పరిశోధకులు ఒక లెక్క వేశారు. ఈఆర్‌తో సహా మూడు కార్యక్రమాల్లో గుండె ఆగి ఛాతీ నొక్కించుకున్నవాళ్ళలో 75 శాతం మంది అప్పటికి బతికారు. నిజం ఆసుపత్రిలో గుండె ఆగితే తిరిగి ఇంటికి వెళ్ళేది దాదాపు నాలుగైదుగురిలో ఒకరు. వార్డులో బంధువులు నిలదీసినప్పుడు టీవీ నేర్పిన ఆశ ఎంత బరువో పిన్నికి తెలుసు. అయినా ఇంటికొచ్చి అదే చూసేది. సిగరెట్ కంటే నయం కదరా అనేది.

పిన్ని రిటైరయింది. 2025 జనవరిలో 'ద పిట్' మొదలైనప్పుడు ఆవిడ కోసమే పెట్టాను. ఈఆర్‌లో 1994లో కుర్ర మెడికల్ స్టూడెంటుగా వచ్చిన నోవా వైలీ ఇందులో ఎమర్జెన్సీ నడిపే పెద్ద డాక్టరు, గడ్డం నెరిసింది. మొదటి సీజన్ అంతా ఒక్క డ్యూటీ, గంటకో ఎపిసోడ్, మొత్తం 15. చట్రం ఇక్కడా ఉంది కానీ తిరగేసి బిగించారు. గంట అయిపోయినంత మాత్రాన రోగి సంగతి తేలదు, కొందరు వచ్చే ఎపిసోడ్‌కీ అదే మంచం మీద ఉంటారు. సంగీతం కూడా దాదాపు లేదు. నాకు మొదట్లో కాళ్ళకింద నేల లేనట్టు అనిపించింది. పిన్ని మాత్రం ముందుకు జరిగి కూర్చుంది. ఇందులో నర్సులున్నారు. డేనా అనే హెడ్ నర్సు ఏ మంచం ఖాళీ, ఎవరిని ఎటు పంపాలి, ఏ డాక్టరుకి ఎప్పుడు గడ్డి పెట్టాలి, అన్నీ చూసుకుంటుంది. ఆ పాత్ర వేసిన కేథరిన్ లనాసాకి, వైలీకి, సీరియల్‌కి అదే ఏడాది ఎమ్మీలొచ్చాయి.

మధ్యలో ఒకచోట, గంటల తరబడి బయట కూర్చుని విసిగిపోయిన రోగి ఒకడు డేనా మొహం మీద గుద్దుతాడు. పిన్ని "ఆపరా" అంది. రిమోట్ నొక్కాను. నైట్ డ్యూటీలో ఒకసారి రోగి తాలూకు మనిషి తనని గోడకేసి ఎలా తోశాడో చెప్పింది. కారణం, డాక్టరు ఇంకా రాలేదు, ఎదురుగా ఉన్నది తను. భుజం వాచిందిట, ఇంట్లో మెట్ల మీద జారానని చెప్పిందిట. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని ఇన్ని ఆసుపత్రులు చూశాం, తన వార్డు సంగతి ఇలా ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు, మాకు ఎప్పుడూ తెర మీదదే సరిపోయేది. అక్కణ్ణుంచి ఇంకొకటి, ఇంకొకటి చెప్పుకొచ్చింది. నవ్వొచ్చేవి కూడా ఉన్నాయి. గంట పైనే అయింది.

"సరే, పెట్టు. ఆవిడ మళ్ళీ డ్యూటీలోకి వస్తుందో, సెలవు చీటీ రాసిచ్చి పోతుందో చూద్దాం" అంది. వస్తుందనే నేనన్నాను. పోతుందని ఆవిడ.